వందేళ్ళు నిండాకే రిపేరు

మా ఇంట్లో మిక్సీ ఆగిపోయి మూడు నెలలైంది. చూడమని మా ఆవిడ అడిగింది. విధానపరమైన కారణాల వల్ల కుదరదన్నాను. వందేళ్ళు నిండని మోటారు మీద స్క్రూడ్రైవర్ పెట్టకూడదన్నది నా నియమం. మిక్సీకి ఇంకా పదకొండేళ్ళే.

ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన కుట్టుమిషన్ మోటారు సంగతి వేరు. "అది తిరగదు సార్, రాగి లెక్కన తీస్కోండ్రి" అన్నాడు అమ్మేవాడు. వారసత్వ సంపదను కిలోల్లో తూస్తారా! కోపంతో బేరమాడటం కూడా మర్చిపోయాను.

ఇత్తడి పలక మీద 110 వోల్టులని ఉంది. మన కరెంటు 230. అందుకని మోటారుకు మూడింతల బరువున్న ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాను. కమ్యుటేటర్, అంటే తిరిగే తీగచుట్టకు కరెంటు అందించే రాగి పట్టీల వలయం, బొగ్గుపొడితో నల్లబడిపోయింది. దాన్ని ఎమరీ పేపర్‌తో రుద్దడం మహాపాపం, ఆ రజను రాగిలో దిగబడుతుంది. సన్నటి శాండ్‌పేపర్‌తో మెల్లగా తోమి, రాగి పట్టీల మధ్య అభ్రకం మీద పేరుకున్న మసిని సూదితో గీకాను. రెండు ఆదివారాలు. ఆర్మేచర్‌కు, అంటే మోటారులో తిరిగే భాగానికి, వెంట్రుకంత తీగ చుడుతూ 142వ చుట్టులో ఉండగా "రోట్లో పచ్చడి నూరాను, వస్తారా?" అని కేక. లెక్క తప్పింది. మొత్తం విప్పి మళ్ళీ మొదలు.

ఇలాంటప్పుడే చరిత్ర అక్కరకొస్తుంది. అమెరికాలో, వెర్మాంట్‌లో థామస్ డావెన్‌పోర్ట్ అనే కమ్మరి 1837లో మోటారుకు పేటెంటు సంపాదించాడు. తీగలు ఒకదానికొకటి తగలకుండా చుట్టడానికి ఆయన భార్య ఎమిలీ తన పెళ్ళి పట్టు గౌను చింపి ఇచ్చిందంటారు. ఈ కథను గద్గద స్వరంతో మా ఆవిడకు వినిపించాను, ధర్మవరం చీర ఉన్న బీరువా వైపు చూస్తూ. (డావెన్‌పోర్ట్ చివరికి దివాలా తీశాడన్న భాగం అప్రస్తుతమని వదిలేశాను.) ఆవిడ బీరువాకు తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుంది.

ఎట్టకేలకు మోటారు తిరిగింది.

"దీంతో ఏం చేస్తారండీ?"

"తిరుగుతుంది."

"ఆ తర్వాత?"

"ఆపేస్తాను."

మర్నాడు ఆవిడే మిక్సీని వైండింగ్ షాపుకు పట్టుకెళ్ళింది. కార్బన్ బ్రష్షులు, అదే మోటారుకు కరెంటు అందించే బొగ్గు ముక్కలు, అరిగాయట. పది నిమిషాల్లో మార్చి ఇచ్చాడట. పాతవి చెత్తబుట్టలో పడేశాడని వినగానే నా గుండె ఆగినంత పనైంది. పరుగెత్తుకెళ్ళి ఏరుకొచ్చి, దూది పరిచిన డబ్బాలో దాచాను.

ఇంకో ఎనభై తొమ్మిదేళ్ళు ఓపిక పట్టాలి.