మావయ్య ఇంటి జలవిద్యుత్ కేంద్రం

చిట్టి తొమ్మిదో తరగతి. శక్తి వనరుల మీద వర్కింగ్ మోడల్ ఏదైనా చేసుకురమ్మని స్కూల్లో చెప్పారు. మిగతా పిల్లలంతా థర్మాకోల్ అట్ట మీద గాలిమర గుచ్చి, కొండలకి ఆకుపచ్చ రంగు పూసి పని కానిచ్చేశారు. చిట్టికి ఆ అదృష్టం లేదు. ఆ పిల్లకి తాతయ్య ఉన్నాడు.

ఆ తాతయ్యే మా మేనమామ. ట్రెజరీలో జీవితమంతా బిల్లులకి కొర్రీలు వేసి రిటైరైన మనిషి. ఆ మధ్య నాగార్జునసాగర్ చూసొచ్చిన దగ్గర్నుంచీ ఆయనకి ఒకటే ధ్యాస. అక్కడి ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఉన్న 8 యూనిట్లలో 7 రివర్సిబుల్ రకం. కరెంటుకి గిరాకీ ఉన్నప్పుడు నీళ్లు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. గిరాకీ తగ్గి కరెంటు మిగిలిపోతుంటే, అవే యంత్రాల్ని వెనక్కి తిప్పి కింది నీళ్లని మళ్లీ పైకి తోడొచ్చు. ఇలాంటి పంప్డ్ స్టోరేజీ కేంద్రాల్లో తోడటానికి ఖర్చయిన కరెంటులో నూటికి 70, 80 వంతులు తిరిగి రాబట్టుకోవచ్చు.

"నీళ్లనే బ్యాటరీ చేసేశార్రా!" అని మావయ్య కనపడినవాడికల్లా చెప్పేవాడు. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్లు లేక అది ఎప్పుడో చేతులెత్తేసింది. ఆ బ్యాటరీ ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు.

"మనకీ మెట్ల గది మీద వెయ్యి లీటర్ల ట్యాంకుంది, కింద సంపుంది, మధ్యలో మోటారుంది. సాగర్‌కీ మనకీ తేడా ఏంటి?" అన్నాడు ఒకరోజు.

"డ్యామ్ ఎత్తు 124 మీటర్లు తాతయ్యా. వెనకాల కృష్ణా నది కూడా ఉంది," అంది చిట్టి.

పిల్లల మాటలు ఎవరు పట్టించుకుంటారు?

ఆన్‌లైన్లో గుప్పిట్లో పట్టే టర్బైన్ ఒకటి తెప్పించాడు. ప్లాస్టిక్ డొప్ప, లోపల చిన్న చక్రం, బయటికి రెండు వైర్లు, ఆ వైర్ల చివర ఫోన్ ఛార్జింగ్‌కి ఓ చిన్న బోర్డు. ప్లంబర్ వచ్చి ట్యాంకు నుంచి దిగే పైపుకి కింద టీ ఆకారం జాయింటు వేసి, వాల్వు పెట్టి, టర్బైన్ బిగించాడు. అందులోంచి వచ్చిన నీళ్లు సంపులో పడాలంటే ఇంకో ఇరవై అడుగుల పైపు కావాలన్నాడు. బిల్లు చూస్తే కొర్రీ వేయకుండా ఉండలేని చెయ్యి కదా, ఆ ఖర్చుని మావయ్య రెండో దశలోకి తోసేశాడు. ప్రస్తుతానికి పైపు కొసని కొబ్బరిచెట్టు పాదులోకి వదిలారు. పాదు నిండితే నీళ్లు నేరుగా వీధి కాలువలోకి పోతాయి.

ముహూర్తం దానంతటదే కుదిరింది. శనివారం పొద్దున్నే కరెంటు తీసేశారు. లైన్ల మీద కొమ్మలు కొట్టాలి, సాయంత్రం దాకా రాదని లైన్‌మన్ చెప్పి వెళ్లాడు. ముందురోజు రాత్రే మావయ్యగారి వియ్యంకుడు దిగారు. ఆయనది వాళ్ల ఊళ్లో మూడంతస్తుల మేడ. కాఫీ దగ్గర ఒకసారి, పెసరట్టు దగ్గర ఒకసారి ఆ మూడో అంతస్తులో గాలి ఎలా కొడుతుందో వర్ణించారు. రెండంతస్తుల మావయ్యకి లోపల ఉడికిపోతోంది. సరిగ్గా అప్పుడే వియ్యంకుడుగారి ఫోన్ ఛార్జింగ్ 6 శాతానికి పడిపోయింది.

"ఇలా ఇవ్వండి బావగారూ. మాది సొంత కరెంటు," అంటూ మావయ్య ఫోన్ అందుకుని పెరట్లోకి నడిచాడు.

వాల్వు తిప్పగానే పైపు వణికింది, చక్రం కీచుమంది, ఫోన్ మీద మెరుపు గుర్తు వెలిగింది. శంకుస్థాపనా ప్రారంభోత్సవమూ ఒకేరోజు చేసిన మంత్రిలా ఉన్నాడు మావయ్య. కుర్చీ తెప్పించుకుని అక్కడే కూర్చున్నాడు.

వియ్యంకుడుగారికి ఈ వైభవం చూసే తీరిక లేదు. శనివారం తలంటు ఆయనకి నియమం. ఒళ్లంతా నువ్వులనూనె పట్టించి, ఎండలో గంటన్నర నానారు. గీజర్ పని చెయ్యదు కాబట్టి అత్తయ్య గ్యాస్ మీద నీళ్లు మరగబెట్టి పై బాత్రూంలో పెట్టించింది. "చన్నీళ్లు కుళాయి తిప్పి కలుపుకోండి అన్నయ్యగారూ," అని కుంకుడు రసం గిన్నె చేతికిచ్చింది.

కాసేపటికి పైనుంచి ఒక కేక వినపడింది. కాస్త ఆగి, దానికన్నా పెద్దది ఇంకొకటి. మొదటిది కుళాయిలో నీళ్లు రానందుకు, రెండోది కుంకుడు రసం కళ్లలో పడినందుకు. పక్కనే బకెట్ నిండా నీళ్లున్నాయి, కానీ అవి పొగలు కక్కుతున్నాయి. కళ్లు మూసుకున్న మనిషి అందులో చెయ్యి పెట్టినట్టున్నారు, మూడో కేక కూడా వచ్చింది.

అత్తయ్య పెరట్లోకి పరుగెత్తింది. "శక్తి ఎక్కడికీ పోదు, రూపం మారుతుందని పొద్దస్తమానం చెబుతారే, ట్యాంకులో నీళ్లెక్కడికి పోయాయండీ?"

"అవీ ఎక్కడికీ పోలేదే, కాలువలో ఉన్నాయి," అన్నాడు మావయ్య, ఫోన్ మీంచి చూపు తిప్పకుండా.

సంపులో నీళ్లున్నాయి గానీ మోటారుకి కరెంటు లేదు. మూత తీసి, బకెట్‌కి తాడు కట్టి తోడి, మెట్లెక్కి మోసే పని మేనల్లుణ్ణి కాబట్టి నా మీద పడింది. "నీ ఒంట్లో రసాయన శక్తి స్థితిశక్తిగా మారుతోందిరా!" అని మావయ్య కింద నుంచి అరుస్తున్నాడు. చిట్టి నోట్‌బుక్ తీసుకుని మెట్ల మీదే కూర్చుంది. 15 లీటర్ల నీళ్లు 4 మీటర్లు పైకి తెస్తే 588 జౌళ్లట. ఏడు బకెట్లు మోసినా ఒక్క కిలోక్యాలరీ కాదట. బకెట్‌తో పాటు నా బరువుని కూడా నేనే మోసుకొస్తున్నానని, ఆ లెక్క కూడా వెయ్యమని అడుగుదామనుకున్నాను. మాట్లాడే ఊపిరి లేదు.

పేజీ తిప్పి ట్యాంకు లెక్క మొదలుపెట్టింది. వెయ్యి కిలోల నీళ్లు 10 మీటర్లు దిగితే 98,000 జౌళ్లు.

"చూశావా, లక్షకి దగ్గర!" అన్నాడు మావయ్య.

"కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు తాతయ్యా. మీది యూనిట్లో 36వ వంతు కూడా లేదు."

ఫోన్ బ్యాటరీ నిండటానికే 69,000 జౌళ్లు కావాలంది. ఏమీ వృథా కాకుండా ఉంటే ట్యాంకంతటితో ఫోన్ ఒకసారి నిండి, ఇంకోసారి సగానికి దగ్గరగా వచ్చేది. కానీ పైపులో రాపిడి, కీచుమనే చక్రం, ఆ బోర్డు తలా కాస్త తినేశాయి. "రాత్రి మనింటికొచ్చిన తాతగారి స్నానానికి గీజర్‌లో 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగాయనుకుందాం. ఆ వేడి మన ట్యాంకుతో రావాలంటే దాన్ని 22 సార్లు ఖాళీ చెయ్యాలి," అని కింద గీత గీసింది.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ప్రాజెక్టు రిపోర్టులో ఆ చివరి పేజీ అవసరం లేదమ్మా," అన్నాడు.

వియ్యంకుడుగారు కిందికి దిగేసరికి అత్తయ్య వంటింట్లోంచి బయటికి రాలేదు. ఆయన కళ్లు చింతనిప్పులు. జుట్టులో ఒకవైపు ఇంకా నురగ ఉంది. మావయ్య రెండు చేతులతో ఫోన్ అందించాడు.

"19 శాతం బావగారూ."

ఆయన ఫోన్ చూశారు, టర్బైన్ చూశారు, తలెత్తి ట్యాంకు వైపు చూశారు.

"ఎంత ఎత్తు నుంచి దిగుతున్నాయి నీళ్లు?"

"ఇంచుమించు పది మీటర్లు."

"మాది మూడంతస్తులు కదా," అన్నారు వియ్యంకుడుగారు తువ్వాలుతో చెవి తుడుచుకుంటూ. "మీ ప్లంబర్ నంబర్ ఇలా కొట్టండి బావగారూ, ఛార్జింగ్ ఉండగానే."