ఊరి వార్తకు మనిషి కావాలి

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. పేపరు వేయడానికి గుమ్మాలే కనబడని పరిస్థితి. ఏ వీధిలో నీళ్లు ఎంత లోతున్నాయో, పడవ ఎటు వస్తోందో జనం ఫోన్లలోనే తెలుసుకున్నారు, అదీ చార్జింగ్ ఉన్నంతసేపు. అదే నెలలో, ఇళ్లు కడుక్కుని కాస్త కుదుటపడుతున్న వేళ, బుడమేరుకు మళ్లీ గండి పడిందన్న పుకారు కూడా ఆ ఫోన్లలోనే వచ్చింది. జనం హడలిపోయారు. అబద్ధమని అధికారులు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఊరి వార్తకు పేపరు మేలా, ఫోను మేలా అన్న వాదనలో పేపరు అభిమానులు పుకారు సంగతి చెబుతారు, ఫోను అభిమానులు పడవ సంగతి చెబుతారు. రెండూ నిజమే. నాకు పట్టింపు వేరే: ఆ వార్త తెచ్చే మనిషి ఎలా బతుకుతున్నాడు?

తెలుగునాట మండలం వార్తకు చోటిచ్చింది పేపరే. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు 1989లో జిల్లాకో చిన్న పత్రిక జత చేసింది. మిగతావాళ్లూ అదే బాట పట్టారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాపై తిరగబడిన కబురు ఊరూరా పాకడంలో జిల్లా పేజీల పాత్ర చిన్నదేం కాదు. మరుసటి ఏడాదే ప్రభుత్వం సారాను నిషేధించింది.

తర్వాత బ్లాగులొచ్చాయి. బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలి, జల్లెడ సైట్లలో వాటిని రోజూ చూసేవాణ్ని. సినిమా, సాహిత్యం, రాజకీయం, వంటలు అన్నీ బ్రహ్మాండంగా ఉండేవి. మండల పరిషత్ సమావేశానికి వెళ్లొచ్చి రాసిన బ్లాగు మాత్రం చూసిన గుర్తు లేదు. రాసేవాళ్లలో చాలామంది హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు మరి.

ఊళ్లో ఉండి రాసేవాడు ఇప్పుడు వెబ్‌సైటో, యూట్యూబ్ చానలో నడుపుతున్నాడు. ఎవరా అని చూస్తే, చాలాచోట్ల నిన్నటిదాకా పేపరుకు ఊరి వార్తలు పంపిన కంట్రిబ్యూటరే. పేపరు అతనికి జీతం ఇవ్వలేదు. అచ్చయిన వార్తను సెంటీమీటర్లలో కొలిచి నాలుగు డబ్బులు, ఓ గుర్తింపు కార్డు చేతిలో పెట్టింది. ఆగస్టు 15కి, జనవరి 26కి, నాయకుడి పుట్టినరోజుకి యాడ్స్ తెమ్మని టార్గెట్ పెట్టింది. యాడ్ ఇచ్చిన సర్పంచి వేయించిన సిమెంటు రోడ్డు నెలకే పగిలితే అతనేం రాస్తాడు? సొంత చానల్ పెట్టుకున్నాకా ఆ లెక్క మారలేదు. యాడ్ ఇచ్చేది ఆ సర్పంచే, ఆ ప్రైవేటు ఆసుపత్రే.

తేడా ఇంకోచోట ఉంది. పేపరు మీద ఎడిటర్, ప్రింటర్, పబ్లిషర్ పేర్లు ఉంటాయి. తప్పు రాస్తే నోటీసు ఎవరికి పంపాలో తెలుస్తుంది. వచ్చిన వార్తలు దిద్దే డెస్కులోని సబ్ ఎడిటర్ రాత్రి ఏడింటికి ఫోన్ చేసి, ‘అవతలివాళ్ల వివరణ ఏదయ్యా?’ అంటాడు. అనేవాడు అనాలేమో ఇప్పుడు! పేపరు మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ ఫోన్ కాల్. ఒక్కడే నడిపే చానల్‌లో ఆ కాల్ ఎవరు చేస్తారు?

ఆ పేపర్లే ఊరి నుంచి వెనక్కి తగ్గాయి. 2020 లాక్‌డౌన్‌లో విడిగా వచ్చే జిల్లా అనుబంధాలను మెయిన్ పేపరులో కలిపేశారు. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 13 కాస్తా 2022లో 26 అయ్యాయి. కలెక్టరు ఊరికి దగ్గరయ్యాడు, పేపరు దూరమైంది.

ఈ మధ్య మా బంధువుల ఊళ్లో రాత్రిళ్లు చెరువు మట్టి తోలుకుపోతుంటే అక్కడి చానల్ కుర్రాడు వీడియో పెట్టాడు. రెండు రోజుల్లో అది మాయమైంది. ఎందుకు తీసేశావని అడిగాం. “ఏ పేపర్లోనూ రాలేదన్నా. నేనొక్కణ్నే ఎన్నాళ్లు పెట్టుకోను?” అన్నాడు.