గోంగూరకూ ఆకుకూరకూ భేదములు వ్రాయుము

నిన్న మా అక్క కూతురు స్లిప్ టెస్ట్ పేపరు తెచ్చి నా ముందు పడేసింది. నాలుగు మార్కుల ప్రశ్న: "క్షీరదములకు, ప్రైమేట్లకు గల భేదములను వ్రాయుము." ప్రైమేట్లంటే కోతులు, కొండముచ్చులు వగైరా. పిల్ల ఒక్క ముక్క రాసింది: "ప్రైమేట్లు కూడా క్షీరదాలే." దాని మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత. సున్నా. పక్కన "పట్టిక ఏది?" అని.

తర్వాత క్లాసులో రాయించిన జవాబు చూపించింది. పేజీ నడిమధ్య గీత. ఎడమవైపు క్షీరదాలు: పిల్లలకు పాలిస్తాయి, ఒంటి మీద వెంట్రుకలుంటాయి. కుడివైపు ప్రైమేట్లు: మెదడు పెద్దది, చేతులతో వస్తువులు పట్టుకోగలవు.

"మామయ్యా, మరి కోతి పాలివ్వదా?"

ఒళ్ళు మండిపోయింది నాకు. అలిపిరి మెట్ల మీద పిట్టగోడెక్కి కూర్చున్న తల్లికోతిని చూడనివాళ్ళెవరు? పొట్టకు కరుచుకుని పిల్ల పాలు తాగుతూ ఉంటుంది. ఆ పాలు క్షీరదం లక్షణం. తల్లి బొచ్చును గుప్పిట్లో బిగించి పట్టుకున్న ఆ బుల్లి వేళ్ళు ప్రైమేట్ లక్షణం. మీరు గీసిన గీత సరిగ్గా ఆ పిల్ల వీపు మీదుగా పోతోంది, తెలుస్తోందా?

టీచరమ్మను ఏమీ అనను. గైడులో ఉన్నదే ఆవిడ రాయించింది. నా కోపమంతా ఆ ప్రశ్న మీదే. రెంటినీ పక్కపక్కన పెట్టి తేడా అడగాలంటే అవి ఒకే వరసలోవి అయ్యుండాలి. గోంగూరకూ తోటకూరకూ తేడా అడగండి, చెబుతాం. గోంగూరకూ ఆకుకూరకూ అంటే ఏం చెప్పను? క్షీరదాలు ఓ పెద్ద తరగతి, ఆరువేలకు పైగా జాతులు. అందులో ఒక క్రమం ప్రైమేట్లు, ఐదొందల చిల్లర. మనమూ వాటిలోనే. అడగాల్సింది "క్షీరదాల్లో ప్రైమేట్లను ఎలా గుర్తుపడతారు?" అని. అప్పుడు పిల్లలు చూడటం మొదలుపెడతారు. పెరట్లో ఉడుతను చూడండి: కళ్ళు చెరో పక్కన, వేళ్ళకు వాడి పంజాగోళ్ళు. కోతికి కళ్ళు రెండూ ముందుకు, వేళ్ళకు మనలాంటి బల్లపరుపు గోళ్ళు. పిల్లికీ కళ్ళు ముందుకే ఉంటాయిగా అంటారేమో. నిజమే, ఒక్క లక్షణంతో తేలదు, నాలుగూ కలిపి చూడాలి. పట్టికలో పట్టనిది అదే.

పిల్లి అంటే గుర్తొచ్చింది. శేషాచలం అడవుల్లో రెండు 'పిల్లులు' ఉన్నాయి. ఒకటి పునుగుపిల్లి. శ్రీవారికి శుక్రవారం అభిషేకం అయ్యాక పూసే పునుగు తైలం దాని నుంచే. రెండోది దేవాంగపిల్లి. పావుకిలో అటూ ఇటూ బరువు, సన్నటి కాళ్ళూ చేతులూ, తోక లేదు, రాత్రిళ్ళు కొమ్మలు పట్టుకుని నింపాదిగా పాకుతూ పురుగుల్ని తింటుంది. మొహంలో సగం కళ్ళే. రెండూ క్షీరదాలే, రెండూ పిల్లులు కావు. పునుగుపిల్లి మాంసాహార క్రమంలోది. దేవాంగపిల్లి ప్రైమేట్, అంటే మనకు దూరపు చుట్టం. పేరులో పిల్లి ఉందని మోసపోకుండా చేతులు చూడమంటే పిల్లలు జన్మలో మరిచిపోరు.

పొరపాట్లు పెద్దవాళ్ళకూ తప్పలేదు లెండి. క్షీరదాలు, ప్రైమేట్లు అనే ఈ రెండు వర్గాలకూ శాస్త్రీయ పేర్లు ఖాయం చేసిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో గబ్బిలాలను కూడా ప్రైమేట్లలోనే వేశాడు. తర్వాతివాళ్ళు తీసేశారు. ఆయన తప్పును దిద్దారు, మన గైడును దిద్దేవాళ్ళు లేరు.

ఇదంతా మేనకోడలికి చెప్పి, దేవాంగపిల్లికి కాలి రెండో వేలికి మాత్రం పంజాలాంటి గోరుంటుందనీ, దాంతో ఒళ్ళు దువ్వుకుంటుందనీ అన్నాను. కాసేపు తన కాలివేళ్ళకేసి చూసుకుంది.

"ఆ గోరు ఎటువైపు రాయాలి మామయ్యా?"