అర్థం ఒక్కటే చాలదు
రోజుకు పది పదాలు అర్థాలతో బట్టీ పడితే ఇంగ్లీషు వచ్చేస్తుందన్న మాటతో నేను ఏకీభవించను. ఉచ్చారణ తెలియకపోతే ఆ పదం మనది కాదు. తెలుగును రాసినట్టే చదువుతాం కదా, అదే అలవాటుతో రిసీట్ (receipt)లో 'పి'ని, డెట్ (debt, అంటే అప్పు)లో 'బి'ని కూడా పలికేస్తాం. (ఆ 'బి' లాటిన్ మూలం కనిపించాలని తర్వాత చేర్చినది, ఇంగ్లీషులో దాన్ని పలకరు.) బీకాం మూడేళ్లూ నేను 'డెబ్ట్' అనే చదివాను. మొదటి ఇంటర్వ్యూలో ఎదుటాయన 'డెట్' అనేసరికి అదేమిటో తట్టక, టెన్షన్‌తో నోరు పెగల్లేదు. అర్థం నాకు బాగా తెలిసిన పదమే అది! పదాల జాబితాల్లో చిన్న పదాలన్నీ తేలిక స్థాయిలో వేసేస్తారు గానీ మనల్ని ఎక్కువగా తడబడేలా చేసేవి అవే. ఇప్పుడు డిక్షనరీ యాప్‌లో స్పీకర్ గుర్తు నొక్కి విని, మూడుసార్లు పైకి పలికాకే అర్థం రాసుకుంటున్నాను. రోజుకు మూడు పదాలే అవుతున్నాయి.