సవరణ: డోనల్ థామస్ గురించి రెండు తప్పులు

ఎముక మజ్జ మార్పిడికి దారి వేసిన డాక్టర్ డోనల్ థామస్ ఆ పని సియాటిల్‌లో మొదలుపెట్టారనీ, 1990 నోబెల్ ఆయన ఒక్కరికే వచ్చిందనీ మొన్నటి పోస్టులో రాశాను. రెండూ తప్పే.

మొదలైంది న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊళ్లో, 1950లలో. లుకేమియా (రక్త క్యాన్సర్) రోగుల ఒంటికంతా రేడియేషన్ ఇచ్చి, అచ్చు ఒకేలా ఉండే కవల తోబుట్టువు మజ్జను ఎక్కించారు. (ఇది కోత ఆపరేషన్ కాదు, రక్తం ఎక్కించినట్టే.) మజ్జ నిలిచింది కానీ కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. కవలలు లేనివాళ్లకైతే ఫలితాలు మరీ నిరాశగా ఉండేవి. చాలామంది పరిశోధకులు ఆశ వదిలేసుకున్నారు. ఆయన మాత్రం కుక్కల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. 1963లో సియాటిల్ వెళ్లారు. 1977లో ఆయన బృందం ముదిరిన లుకేమియా ఉన్న 100 మంది వివరాలు ప్రచురించింది. వాళ్లలో 13 మంది జబ్బు లేకుండా బతికి ఉన్నారు. ఈ అంకె చిన్నదనిపించవచ్చు, కానీ వీళ్లంతా మిగతా మందులేవీ పనిచేయని రోగులు.

ఇక నోబెల్‌ను ఆయన కిడ్నీ మార్పిడి చేసిన జోసెఫ్ ముర్రేతో పంచుకున్నారు.

ఆయనతోపాటే పనిచేసిన భార్య డాటీ పేరు కూడా ఆ పోస్టులో లేదు. అది నా లోపమే.