కుర్చీలు పీకేస్తే జనం వచ్చినట్టా?

అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగే డేటోనా 500 కారు పందేనికి టికెట్లన్నీ అమ్ముడుపోయాయని ఏటా ఫిబ్రవరిలో ఘనంగా ప్రకటిస్తారు. గేటు దాటి లోపలికి ఎంతమంది వచ్చారో మాత్రం చెప్పరు. అమెరికాలో స్టాక్ కార్ (చూడటానికి మామూలు కార్లలా ఉండే రేసు కార్లు) పందేలు నడిపే నాస్కార్, ప్రేక్షకుల లెక్కలు ఇవ్వడం 2013లోనే మానేసింది. సామాన్యుడి ఆటగా పేరు తెచ్చుకున్న పోటీ ఆ సామాన్యుల సంఖ్య దాచుకోవడం సిగ్గుచేటు.

డేటోనాలో ఒకప్పుడు లక్షా నలభై వేలకు పైగా సీట్లుండేవి. 40 కోట్ల డాలర్ల పునర్నిర్మాణం 2016లో పూర్తయ్యేసరికి అవి సుమారు 1,01,500కు దిగాయి. ట్రాక్ వెనకవైపు గ్యాలరీని పూర్తిగా తీసేశారు. మిగిలిన కుర్చీలకు వరుసంటూ లేకుండా రకరకాల రంగులు వేశారు. ఎవరూ కూర్చోకపోయినా సరే, టీవీలో దూరం నుంచి చూస్తే రంగురంగుల చొక్కాలు తొడుక్కున్న జనం కిక్కిరిసినట్టే ఉంటుంది. రిచ్మండ్‌లో లక్షకు పైగా ఉన్న సీట్లలో ఇప్పుడు సగమే మిగిలాయి. టల్లడేగా, షార్లెట్‌లలోనూ గ్యాలరీలు కత్తిరించారు. సీట్లు తగ్గించి, ఆ తగ్గించిన సీట్లు నిండాయని చాటింపు వేయడం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమే.

ఒకప్పుడు ఈ మోసానికి అవసరమే లేదు. టెనెసీలో గిన్నెలా ఉండే బ్రిస్టల్ ట్రాక్‌లో ఒక ల్యాప్ అర మైలుకు కాస్త ఎక్కువ. అక్కడ 1982 నుంచి వరుసగా 55 పందేలకు ఒక్క టికెట్టూ మిగల్లేదు. చివరి ఏళ్లలో చుట్టూ లక్షా అరవై వేల మంది పట్టే గ్యాలరీలు ఉండేవి. 2010 మార్చిలో ఆ పరంపర తెగింది.

ఆర్థిక మాంద్యం దెబ్బ తీసిందని, ఇంట్లో పెద్ద టీవీ ఉండగా ఎండలో ఎవరు కూర్చుంటారని, టీవీ హక్కులకే ఏడేళ్లకు 770 కోట్ల డాలర్లు వస్తున్నాయని నాస్కార్ తరఫున వాదించేవారున్నారు. కాదనం. కానీ అభిమానిని తరిమింది నిర్వాహకులే. 1950 నుంచి దక్షిణ కరోలినాలోని డార్లింగ్టన్ ట్రాక్‌కు పండగలాంటి లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు) వారాంతపు పందేన్ని 2004లో లాక్కుని కాలిఫోర్నియాలోని ఫాంటానాకు ఇచ్చారు. అక్కడ గ్యాలరీలు నిండలేదు. 2015లో ఆ పండగ డార్లింగ్టన్‌కే తిరిగొచ్చింది. ఫాంటానా ట్రాక్‌ను 2023 పందెం తర్వాత కూల్చేశారు. నేల విడిచి సాము చేస్తే ఇంతే. ఏడాదంతా కూడబెట్టిన పాయింట్లను పక్కన పెట్టి 2014 నుంచి 2025 దాకా టైటిల్‌ను చివరి ఒక్క పందేనికి ముడిపెట్టడం మరో తప్పు.

తప్పులు ఎవరైనా చేస్తారు. వాటి ఫలితం కనబడకుండా చేయడమే క్షమించరానిది. ట్రాక్‌ల యజమాన్య సంస్థలు స్టాక్ మార్కెట్‌లో ఉన్నంతకాలం వార్షిక నివేదికల్లో టికెట్ల ఆదాయమైనా కనిపించేది. 2019లో ఒకదాన్ని నాస్కారే కొనేసింది, మరోదాన్ని యజమాని కుటుంబం సొంతం చేసుకుంది. ఆ కిటికీ కూడా మూసుకుపోయింది.

ఈ విద్య మన నిర్వాహకులకు అబ్బితే? గ్రేటర్ నోయిడా ఫార్ములా వన్‌కు 2011లో 95 వేల మంది వచ్చారని, మరుసటి ఏడాది 65 వేలకు పడిపోయారని మనకు తెలిసింది లెక్క బయటికొచ్చింది గనుకనే. 2013 తర్వాత ఆ పందెమే లేదు.

అమెరికాలోనే ప్రతి బేస్‌బాల్ మ్యాచ్ స్కోరు పట్టిక కింద అమ్ముడైన టికెట్ల సంఖ్య అచ్చవుతుంది. స్టాండ్లు బోసిపోయిన రోజు కూడా అచ్చవుతుంది. ఆ పాటి ధైర్యం నాస్కార్‌కు ఎందుకు లేదు? వచ్చే పందెం ముగిసిన సాయంత్రమే గేట్ల దగ్గర స్కాన్ చేసిన టికెట్లెన్నో ప్రకటించాలి. నలభై వేలైతే నలభై వేలనే చెప్పండి. కారులో రాత్రంతా ప్రయాణించి, పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి కూర్చున్న ఆ నలభై వేల మందినీ రంగు కుర్చీలతో కలిపి లెక్కకట్టకండి.