ఒక్క అంకె తేడా

కర్నూలు రాజ్‌విహార్ దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటర్. కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్, దాని మీద ఊరికే దొరికే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్, పాత వెర్షన్ 5.4.4. సర్వీసుకొచ్చిన కుర్రాడు అప్‌డేట్ చేయాల్సిందేనన్నాడు. ఓనర్ ఒప్పుకోలేదు.

ఓనర్: బాగా నడిచేదాన్ని ఎందుకు కెలుకుతావు అబ్బీ? పోయినసారి ఫాంట్లు చెదిరి శుభలేఖ మొత్తం మళ్లీ కొట్టినాను.

కుర్రాడు: లిబ్రే ఆఫీస్‌లో ఎక్సెల్ లాంటి కాల్క్ ఉంది కదా, అందులో వెబ్‌సర్వీస్ అని ఫార్ములా ఉందన్నా. వెబ్ అడ్రస్ ఇస్తే అక్కడున్నది తెచ్చి గడిలో పెట్టాలి. ఈ వెర్షన్‌లో మన డిస్కులోని ఫైలు పాత్ ఇచ్చినా చదివేస్తుంది.

ఓనర్: చదవనీ. నా ఫైలు నా గడిలోకే కదా వచ్చేది!

కుర్రాడు: ఎవడో దొంగ ఆ ఫార్ములా పెట్టిన షీట్ మనకు పంపినాడనుకో. పక్క గడిలో అదే ఫార్ములా ఇంకోటి పెడతాడు. ఈసారి వాడి సర్వర్ అడ్రస్, దాని తోకకు మొదటి గడిలోని అక్షరాలు. మన ఫైలు అట్లే వాడింటికి పోతుంది.

ఓనర్: ఫైళ్లలో దాక్కుని నడిచే ప్రోగ్రాములు, ఆ మాక్రోలు, ఎప్పుడో ఆపేసినాను.

కుర్రాడు: మాక్రో కాదన్నా, కూడిక లెక్క మాదిరి ఉత్త ఫార్ములా. షీట్ తెరిస్తే చాలు, ఏమీ అడగదు.

ఓనర్: సరే, నా ఫైలు ఎక్కడుందో వాడికెట్లా తెలుసు? నా ఫోల్డర్లలో నాకే దొరకవు.

(మంచి దెబ్బే. కుర్రాడు కాసేపు మాట్లాడలేదు.)

కుర్రాడు: పాత్ తెలియకపోతే వాడికేమీ రాదు, నిజమే. కానీ లినక్స్‌లో యూజర్ల జాబితా ఏ మిషన్‌లోనైనా ఒకేచోట ఉంటుంది. అందులో పాస్‌వర్డులు ఉండవు గానీ నీ యూజర్ పేరు, హోమ్ ఫోల్డర్ ఉంటాయి. అక్కడి నుంచి డెస్క్‌టాప్ ఎంత దూరం? కస్టమర్ల లాగిన్లు రాసుకున్న టెక్స్ట్ ఫైలుకు ఏం పేరు పెట్టినావు?

ఓనర్: ...పాస్‌వర్డ్స్.

(నవ్వాపుకోవడం నాకే కష్టమైంది.)

ఓనర్: ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్ అంతే మరి!

కుర్రాడు: డబ్బులిచ్చి కొనే వర్డ్‌లోనూ 2002లో ఇట్లాంటిదే బయటపడింది. దొంగ పంపిన డాక్యుమెంట్ దిద్ది తిప్పి పంపితే, మన ఫైలు అందులో దాక్కుని పోయేది. మన లిబ్రే ఆఫీస్‌లో దీన్ని 2018లోనే సరిచేసినారు. 5.4.5లో ఈ ఫార్ములాకు వెబ్ అడ్రస్ తప్ప వేరేది పనిచేయదు. నీకూ దానికీ ఒక్క అంకె తేడా.

ఓనర్: సీజన్ అయిపోనీ, చూద్దాం.

ఇంతలో ఒకాయన ఫోన్ చూపిస్తూ వచ్చాడు. "అన్నా, ఎవరో ఎక్సెల్ షీట్ పంపినారు, ప్రింట్ తియ్యి." ఓనర్ చెయ్యి మౌస్ మీదే ఆగింది.

"అబ్బీ, ముందు ఆ నెట్ వైరు పీకు."